వాళ్లను బలహీనులనకండి

దక్షిణ సూడాన్ గురించి ఏ నివేదిక తిరగేసినా కనిపించేది ఒకే మాట: కేంద్ర ప్రభుత్వం బలహీనం. కొత్త దేశం, అనుభవం లేదు, తెగల మధ్య పగలున్నాయి, ఏం చేస్తారు పాపం అంటారు. ఈ జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉమ్మడి సూడాన్‌ను ఏలిన ఖార్టూమ్ పాలకులు దక్షిణాన్ని దశాబ్దాల పాటు మాడ్చిన మాట నిజమే. ఆ తర్వాత దోచుకున్నది మాత్రం సొంతవాళ్లే.

2011 జనవరిలో ఆ జనం ఎండలో బారులు తీరి 98.83 శాతం ఓట్లతో స్వాతంత్ర్యం కోరుకున్నారు. జూలై 9న జెండా ఎగిరింది. అప్పట్లో సర్కారు రాబడిలో దాదాపు 98 శాతం చమురుదే. జనం కట్టే పన్నుతో పనిలేని ప్రభుత్వానికి జనానికి జవాబు చెప్పే పనీ ఉండదు. బావులూ తుపాకులూ గుప్పిట్లో ఉంటే చాలు. ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు సాల్వా కీర్ స్వయంగా 75 మంది మాజీ, ప్రస్తుత అధికారులకు ఉత్తరం రాశాడు: సుమారు 400 కోట్ల డాలర్లు మాయమయ్యాయి, తెచ్చి కట్టండని. తిరిగొచ్చింది పిసరంత.

2013 డిసెంబరులో కీర్‌కూ, అతను పదవి నుంచి తీసేసిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌కూ చెడింది. రాజధాని జూబాలో ఇల్లిల్లూ వెతికి మచార్ తెగవాళ్లైన న్యూయెర్లను చంపారు. బోర్‌లో, బెంతియులో ప్రతీకారం కీర్ తెగవాళ్లైన దింకాల మీద పడింది. అయిదేళ్లలో దాదాపు 4 లక్షల ప్రాణాలు పోయాయి. వాళ్లలో సుమారు సగం మంది తూటా తగలకుండానే, ఆకలితో, రోగాలతో, మందు అందక పోయారు.

బలహీనమట! 2015లో ఒక్క ఉత్తర్వుతో 10 రాష్ట్రాలను 28 చేశారు, తర్వాత 32 చేశారు, 2020లో మళ్లీ 10కి తెచ్చారు. బలం లేనివాడు గీత గీస్తే దేశపటం మారుతుందా? 2017 ఫిబ్రవరిలో క్షామం ప్రకటించింది ఎక్కడ? చమురు పొంగే యూనిటీ రాష్ట్రంలో. పిల్లలు గడ్డిదుంపలు తవ్వుకు తింటున్న ఆ రోజుల్లోనే విదేశీ నిపుణుల పని అనుమతికి 10,000 డాలర్ల రుసుము ప్రకటించారు. అన్నం పెట్టడానికి వచ్చినవాళ్ల దగ్గరా గుంజాలనుకున్నారు! ప్రపంచం గగ్గోలు పెట్టాక గానీ వెనక్కి తగ్గలేదు.

వసూలు చేసేటప్పుడు సర్కారు చెయ్యి ఎంత దూరమైనా సాగుతుంది. జీతమివ్వాలన్నా, బడి తెరవాలన్నా, హంతకుణ్ని పట్టుకోవాలన్నా అది చచ్చుబడుతుంది. ఎన్నికల సంగతి సరేసరి. స్వాతంత్ర్యం వచ్చాక ఒక్కటీ జరగలేదు. 2024లో జరపాల్సినదాన్ని 2026 డిసెంబరుకు నెట్టారు.

ఇది మనకు పట్టని గొడవ కాదు. అక్కడి చమురులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు వాటా ఉంది. శాంతిదళంలో మన సైనికులు అక్కడ ప్రాణాలిచ్చారు. ఆ చమురు సొమ్ము చివరికి ఎవరి ఖాతాలో పడుతోందని మన పార్లమెంటులో నిలదీయాలి.

యుద్ధ నేరాల విచారణకు ఆఫ్రికన్ యూనియన్ ఆధ్వర్యంలో ప్రత్యేక న్యాయస్థానం పెడతామని 2015 శాంతి ఒప్పందంలో రాసి సంతకాలు చేశారు. 2018లో మళ్లీ అదే రాసి, మళ్లీ చేశారు. ఆ న్యాయస్థానం తలుపు ఇంతవరకూ తెరుచుకోలేదు. బోనెక్కాల్సినవాళ్లే తాళంచెవి దాచుకున్నారు.