కాగజ్ మనదే, చదివేవాడేడీ?

మొన్న భద్రాచలంలో జుమ్మా నమాజు అయ్యాక కుకునూరు వైపు నుంచి వచ్చిన భాయ్ ఒకాయన ప్లాస్టిక్ కవర్లోంచి ఒక జిరాక్స్ తీశాడు. 1954-55 ఖాస్రా పహాణీ. అంతా ఉర్దూ, అదీ శికస్తా రాత, నుక్తాలు మింగేసి గీకింది. పోలవరం ముంపు పరిహారం కోసం తన దాదా ఆ భూమి మీద ఉన్నట్టు చూపించాలట. మస్జిదులో నలభై మందిమి ఉన్నాం. హాఫిజ్ సాబ్ కూడా చూశారు. ఖురాన్ మొత్తం గుండెలో ఉన్న మనిషి, ఆ కాగితంలో రెండు లఫ్జులు దాటలేకపోయారు. ఆయన తప్పేం లేదు, ఆ రాత ఎవరూ నేర్పలేదు. చివరికి అది నా చేతికొచ్చింది. ముప్పయ్యేళ్లు రికార్డు రూములో దుమ్ము పీల్చినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే మరి.

ఆ దుమ్ము నౌకరీ గురించే నా గొడవ. నాకు ఆర్డరు వచ్చిన రోజు మా ఖాలా, "పాత కాగితాలు కాసే పనా? దానికంటే సౌదీలో డ్రైవరు నయం" అంది. ఇప్పటికీ అంతే. రిష్తా మాటల్లో లడ్కా రికార్డు అసిస్టెంటు అంటే అమ్మాయి వైపువాళ్లు చాయ్ కూడా పూర్తిగా తాగరు. కానీ వినండి: తహసీల్దారు, జిల్లా, దస్తావేజు, జమాబందీ, నకలు, అర్జీ, రసీదు, వారసుడు, హక్కు. దఫ్తరులో మన మాటలన్నీ కూర్చున్నాయి. మనం మాత్రం గేటు బయట స్టాంపు వెండరు దగ్గర నిలబడ్డాం.

మన ఇలాకా సంగతి ఇంకా చిక్కు. గోదావరికి ఈ పక్క నిజాం రాజ్యం. సేత్వార్లు, పహాణీలు చాలావరకు ఉర్దూలో, అంతకుముందువి ఫారసీలో. ఆ పక్క భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది, తర్వాత మద్రాసు కింద తూర్పు గోదావరిలో ఉండి 1959లో ఖమ్మం జిల్లాలోకొచ్చింది. అక్కడి కాగితం ఇంగ్లీషు, తెలుగు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రకు వెళ్లాయి. కుకునూరు ఈ పక్కది, నిజాం రాజ్యంలోది. అంటే ఆ భాయ్ వాళ్ల దాదా పేరు ఉర్దూలో ఉంది, పరిహారం ఇచ్చే దఫ్తరు ఉర్దూ చదివేవాళ్లు దొరకని చోట ఉంది. మధ్యలో పేజీకింత అని వసూలు చేసే తర్జుమా దుకాణం. అక్కడ రాసిచ్చింది సచ్చా ఝూటా అని చూసే నాథుడెవరు?

"ఇప్పుడంతా ఆన్‌లైనే కదా చాచా" అంటారు కుర్రాళ్లు. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. కంప్యూటరు లోపలికి వెళ్లింది మనిషి ఎక్కించినంతే బేటా. పేచీ వచ్చిన రోజు కోర్టు ఖాస్రా తెమ్మంటుంది, సేత్వార్ తెమ్మంటుంది. 2025 జూన్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించండి, ఆరు నెలలే గడువు అన్నప్పుడు ముతవల్లీలు ముంతఖబ్ నకళ్ల కోసం పరుగెత్తారు, చూశాంగా. దొరికినవాటిని చదివించుకోవడానికి మళ్లీ ఇంకో పరుగు.

సర్కారును వదిలేస్తున్నానని అనుకోకండి. నేను పనిచేసిన ఒక దఫ్తరులో, పేరెందుకులెండి, చెదలు పట్టిన బస్తాలకు ఒక జాబితా రాయించారు. ఉర్దూ కట్టలన్నిటి ఎదురుగా "చదువుటకు వీలులేనివి" అని రాశారు. చదవడం రానిది రాసినాయనకు, నేరం మాత్రం కాగితానిది! తూకానికి వెళ్లకుండా వాటిని ఆపడానికి నాకు మూడు నెలలు పట్టింది, ఒక మెమో కూడా తగిలింది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను రికార్డులన్నీ జాబితా వేసి, సూచిక కట్టి ఉంచాలంటుంది. చదవలేని కట్టకు సూచిక ఎలా కడతారు? 2017లో రాష్ట్రం మొత్తానికీ ఉర్దూను రెండో అధికార భాష చేశారు. అదే చట్టం ప్రకారం అర్జీ ఆ ప్రాంతపు అధికార భాషలో ఇవ్వొచ్చు. మండలంలో ఐదు రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు. మన ఖమ్మంలో ఉర్దూలో అర్జీ పెట్టినవాళ్లు ఎంతమందో చేతులెత్తండి. ముషాయిరాలో వాహ్ వాహ్ అనడానికి మాత్రం అందరం హాజరు.

ఇక ఆ జిరాక్స్. ఖబ్జా ఖానాలో భాయ్ వాళ్ల దాదా పేరు సాఫ్‌గా ఉంది. పట్టాదారు ఖానాలో ఇంకో పేరుంది. అది ఒక కోయ మనిషి పేరు. రెండూ పైకే చదివాను. మన ఏజెన్సీలో వన్ ఆఫ్ సెవెంటీ ఏమంటుందో తెలుసుగా, గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడిదే అయ్యుంటుందని మొదట అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మనం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "చాచా, ఆ రెండో పేరు చదవకపోతే ఏం?" అన్నాడు.

కోపం రాలేదు, దిల్ బరువెక్కింది. మూడు తరాల ఇల్లు నీళ్లలో పోతున్న మనిషి. కానీ ఆ పేరుకూ వారసులుంటారు. వాళ్లకూ ఉర్దూ రాదు, మనకంటే గరీబులు. రేపు మన ఖబరస్తాన్ కాగితం ఇంకెవడో చదివి, మన పేరు దగ్గర ఇలాగే నోరు మూసుకుంటే? ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు రాసుకోవడం గురించే, బఖరా సూరాలో. రాయడం వచ్చినవాడు రాయనని అనకూడదని, ఉన్నది ఉన్నట్టు రాయాలని అందులోనే ఉంది. రికార్డు రూము అమానత్ అని నేను అనేది అందుకే. మన పిల్లలు అక్కడ కూర్చోవాలన్నది మనవాళ్లకు వకాల్తా పుచ్చుకోవడానికి కాదు. ఆ రెండు పేర్లూ చదవడానికి.

దారులు లేవనకండి. గ్రూప్-4 ఉంది. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, షాజహాన్, ఔరంగజేబు నాటి కాగితాలున్న చోటు. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు రికార్డుల నిర్వహణలో ఏడాది డిప్లొమా నడుపుతారు. ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు, పరీక్షకు ఇంగ్లీషు, మూడూ వచ్చిన పిల్లలు మన ఇళ్లల్లో కాక ఎక్కడుంటారు? కానీ ఆ ఉర్దూ కూడా వాట్సాప్‌లో రోమన్ అక్షరాల్లోకి జారిపోతోంది.

రెండు నెలలుగా ఇత్వార్ జొహర్ తర్వాత మా వరండాలో పాత పహాణీ జిరాక్సులు ముందేసుకుని శికస్తా నేర్పుతున్నాను. వచ్చేది ఇద్దరే. ఒకరు ఇంటర్ చదివే అమ్మాయి. పోయిన వారం సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, వరుసగా తప్పు లేకుండా చదివింది, మాషా అల్లాహ్. తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్ల అబ్బా గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "బాగా చదువుతోంది సాబ్" అన్నాడు. చెప్పులేసుకుంటూ, "వీళ్లన్నకి ఖతర్ వీసా ఎవరైనా చూస్తారా?" అని అడిగాడు.