పులుల సంఖ్య పక్కన హద్దులూ వేయండి



2023 ఏప్రిల్ 9న మైసూరులో దేశంలోని పులులు 3167 అని ప్రకటించారు. జులై 29న 3682 అన్నారు. మా వీధిలో రోజూ పత్రిక చదివే పెద్దాయన ఒకరు నన్ను ఆపి, "మాస్టారూ, మూడున్నర నెలల్లో ఐదొందల పులులు ఎలా పుట్టాయండీ?" అని అడిగారు. పుట్టలేదు. మొదటిది 2022 అంచనాకు కింది హద్దు, రెండోది సగటు. పై హద్దు 3925. మూడూ ఒకే వాక్యంలో అచ్చయి ఉంటే ఆయనకు ఆ అనుమానమే వచ్చేది కాదు.

నేను డిగ్రీ పిల్లలకు గణాంకశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఉండేది నల్లమల అంచున. అందుకే ఈ ఉత్తరం.

అడవిలో పులుల తలలు ఎవరూ లెక్కపెట్టలేరు. కెమెరా ట్రాపుల్లో పడ్డ ఫోటోల్లో చారలు చూసి ఏ పులి ఏదో పోల్చుకుంటారు. 2022లో అలా విడివిడిగా తేలినవి 3080. కెమెరాకు చిక్కనివి ఎన్నో మోడల్ చెప్పాలి. మగపులి ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి మగ, ఆడ పులులను వేరుగా చూసే మోడల్ ఒకటి ఉండవచ్చు, ఆ తేడా పట్టించుకోనిది మరొకటి ఉండవచ్చు. డేటా దేనివైపు ఎంత మొగ్గితే దానికంత బరువిచ్చి సగటు తీయడం మంచి పద్ధతే. చిక్కంతా ఆ తర్వాతే.

లెక్క కోసం ఒక అడవిని ఊహించుకుందాం. మొదటి మోడల్ 40 పులులంది, ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) 4. రెండోది 52 అంది, దోషం 5. రెంటికీ సమాన బరువు. సగటు 46. మరి దోషం? నాలుగున్నర అనేస్తారు చాలామంది. తప్పు. రెండు మోడళ్లూ 46కు చెరో ఆరు దూరంలో ఉన్నాయి. దోషాల వర్గాలకు ఆ ఆరు వర్గాన్నీ కలపాలి: 16కు 36, 25కు 36. వాటి సగటు 56.5, వర్గమూలం ఏడున్నర. మోడళ్ల మధ్య ఉన్న తగాదా ఆ ఏడున్నరలో కనబడుతుంది. దాన్ని దాచకూడదు.

ఇలాంటి అడవులు రెండు కలిస్తే 92 పులులు. దేని తప్పు దానిదే అనుకుంటే దోషం 10.6. కానీ రెండు చోట్లా వాడింది అవే మోడళ్లయితే, ఒక అడవిలో ఎక్కువ చూపించే మోడల్ రెండో అడవిలోనూ ఎక్కువే చూపిస్తుంది. అప్పుడు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, పేరుకుంటాయి. కాబట్టి ముందు ఒక్కో మోడల్‌తో రెండడవుల మొత్తం కట్టి (80, 104), ఆపైన సగటు తీయాలి. పులులు మళ్లీ 92 గాని, దోషం 13.6. రెండు అడవులకే ఇంత తేడా! దేశమంతా కూడినప్పుడు ఈ సంగతి మరిచిపోతే మనకు లేని ధీమా వచ్చేస్తుంది.

మన సంగతి చూడండి. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 48, తెలంగాణలో 26. 2022లో 63, 21. ఇంత చిన్న సంఖ్యల్లో ఐదు తగ్గితే అది నిజమైన నష్టమో, అంచనాలోని ఊగిసలాటో హద్దులు చూడకుండా ఎలా చెప్పగలం? పొరుగు రాష్ట్రంలోని తాడోబా వైపు నుంచి ఆసిఫాబాద్ అడవుల్లోకి వచ్చిపోయే పులులున్న చోట మరీ కష్టం. అయినా ఆ ఐదింటికి బీటు ఆఫీసరును నిలదీస్తాం. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో పెరిగిన పదిహేనును చూసి ఇక భయం లేదనుకుంటాం. నాకు బాధ కలిగించేది ఇదే.

దేశం లెక్కలోనూ 2018 హద్దులు 2603, 3346. 2022వి 3167, 3925. కొంతమేర ఒకదానిమీదొకటి పడుతున్నాయి. పులులు పెరిగాయనే నేను నమ్ముతున్నాను. రెండు సగటుల తేడా చూసి కచ్చితంగా 715 పెరిగాయంటే మాత్రం ఒప్పుకోలేను. ఇంకొకటి: 3682 నుంచి కింది హద్దు 515 దూరం, పై హద్దు 243. రెండూ సమానంగా ఉండాలన్న నియమం లేదు గాని, ఆ తేడా ఎలా వచ్చిందో పాఠకుడికి ఒక వాక్యంలోనైనా చెప్పాలి కదా.

ఈ గణన నాలుగేళ్లకోసారి జరుగుతుంది. ఈసారి ఫలితాలు వచ్చిన రోజు ప్రతి సంఖ్య పక్కన కింది, పై హద్దులు అచ్చువేయండి. అడవులన్నీ కూడి మొత్తం కట్టేటప్పుడు వాటి ఉమ్మడి తప్పును లెక్కలోకి తీసుకున్నారా అని మీ విలేకరి చేత అధికారులను అడిగించండి. వారిచ్చిన జవాబు కూడా ఆ వార్తలోనే వేయండి.

– విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, మార్కాపురం