యంత్రము చెప్పిన చాలునా?

కొబ్బరికాయ అరచేత నిలిచిన చోట బోరు వేయించి, నీరు పడక అప్పులపాలైన రైతు కష్టము ముప్పాళ్ళ మొదలగు పల్నాటి గ్రామములకు క్రొత్తది కాదు. కాయ తీర్పు చెప్పునే కాని కారణము చెప్పదు. కృష్ణా గోదావరీ క్షేత్రపు చమురు బావుల విషయమునను మన మిట్టి తీర్పులకే సిద్ధపడుచున్నామా?

1927లో ఫ్రాన్సునందలి పెషెల్‌బ్రాన్ వద్ద తొలి విద్యుత్ లాగ్ తీయబడినది. నాటినుండి బావిలోనికి పరికరములు దింపి, రాతి విద్యున్నిరోధమును, సాంద్రతను, గామా కిరణములను కొలిచి, అడుగున నున్నది నీరో చమురో నిపుణులు నిర్ణయించుచున్నారు. నేడా పని న్యూరల్ నెట్‌వర్కులకు అప్పగింపబడుచున్నది. వేలకొలది కొలతలను అవి క్షణములో చదువును. మే మందులకు విరోధులము కాము. కాని నేర్పిన పాఠమే వాని జ్ఞానము. పరదేశపు రాళ్ళపై నేర్చినది మన పలుచని ఇసుక, బంకమట్టి పొరలయెడ తడబడుట వింతయా? తడబడియు ధీమాగనే అంకె చెప్పును.

2005లో ఈ క్షేత్రపు సముద్రభాగమున 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువున్నదని చాటిరి. పిదప తేలినది అందు కొద్దిభాగమే. అది మానవుల తొందర. ఆ తొందరకు యంత్రము తోడైన నేమగును?

కావున యంత్రపు తీర్పును బావినుండి తీసిన రాతి కోర్లతో సరిచూడవలెను. దానికి చూపని బావులపై పరీక్షించి, తప్పెంతయో ప్రకటింపవలెను. భూగర్భము ప్రజలది. 2017లో జాతీయ దత్తాంశ భాండారము ఏర్పడినది. అందలి లాగులను మన విశ్వవిద్యాలయములలో విద్యార్థులు చదువవలెను. లేనిచో ఇనుపదైనను కొబ్బరికాయ కొబ్బరికాయయే!