చవక బండిలో 11 మంది
మా హాస్టల్‌లో నలుగురం కలిసి ఒక సైన్స్ ఫిక్షన్ వార్‌గేమ్ తయారుచేస్తున్నాం. అంగారకుడి మీద యుద్ధం, చేతిలో డబ్బుల్లేని సైన్యం. ఆ సైనికుల్ని మోసే కవచ వాహనం డిజైన్ చేసే పని నాకొచ్చింది. "ఆర్మర్ 6 నుంచి 3 చెయ్యి, పాయింట్లు సగం చెయ్యి, అయిపోయింది" అన్నాడు మావాడు. నాకు నచ్చలేదు. చవక అంటే ఒక అంకె తగ్గడమేనా?

1960లో అమెరికా సైన్యంలోకి వచ్చిన ఎమ్113నే చూడండి. అల్యూమినియం పెట్టె, నడిపేవాళ్ళు కాక లోపల 11 మంది సైనికులు. తేలిక, చవక, వేలల్లో తయారైంది. మామూలు తూటాల్ని ఆపేది కానీ, వియత్నాంలో కింద మైన్ పేలితే లోపలున్నవాళ్ళ పని అయిపోయేది. అందుకే చాలామంది పైకప్పు మీద కూర్చుని వెళ్ళేవాళ్ళు. కవచం ఉన్న బండి ఇచ్చినా కవచం బయటే కూర్చోవడం! అది చదివాక నా డిజైన్ మొత్తం మారిపోయింది.

నా బండికి రెండు రకాలుగా ఎక్కొచ్చు. లోపలుంటే తూటా తగలదు, మైన్ పేలితే మాత్రం ఒక్కొక్కరికీ విడిగా డైస్ వేయాలి. పైనుంటే రివర్స్. "ఇన్నిసార్లు ఎవడేస్తాడ్రా, గేమ్ స్లో అయిపోతుంది" అని గొడవ. అవుతుంది, ఒప్పుకుంటా. (కోడ్‌లో అయితే ఒక్క లూప్, బోర్డు మీద పావుగంట.) అయినా 11 మందిని ఒకే డైస్‌తో చంపేసే గేమ్ నాకొద్దు. ప్రస్తుతానికి ఓట్లు 2-2.