కాలేజీ పిల్ల ప్రశ్న అడిగితే



పిల్లలు యూనివర్సిటీకి వెళ్ళిన ఇళ్ళనుండి ఈమధ్య ఒకే ప్రార్థన మనవి వస్తోంది. "అయ్యగారూ, మా అమ్మాయి ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తోంది, ప్రార్థన చేయండి." తప్పకుండా చేస్తాను. ఆ ప్రశ్నలు ఆగిపోవాలని మాత్రం చేయను.

మొన్న మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు మరణశిక్ష పడిందట, రేపు మధ్యాహ్నం అమలు చేస్తారట, వెంటనే అందరికీ పంపి ప్రార్థించాలట. వరసగా 'ఆమేన్'లు పడ్డాయి. డిగ్రీ చదువుతున్న మన అమ్మాయి ఒకతె మాత్రం, "రేపు అంటే ఏ తారీఖు? ఈ మాట మొదట ఎవరు చెప్పారు?" అని అడిగింది. ప్రార్థించమంటే తారీఖు అడుగుతావా అని పెద్దలు మందలించారు.

ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. ఆ మెసేజ్ పదేళ్ళకు పైగా ప్రపంచమంతా తిరుగుతోంది. ఏ సంవత్సరం చదివినా ఆ శిక్ష 'రేపే'. నమ్మబుద్ధి కావడానికి కారణం లేకపోలేదు. 2007 జూలైలో దక్షిణ కొరియా నుండి వెళ్ళిన 23 మంది క్రైస్తవ సేవకులను తాలిబాన్లు అక్కడ నిజంగానే ఎత్తుకుపోయారు. ఇద్దరిని చంపారు. మిగతా 21 మంది ఆగస్టు ఆఖరుకల్లా విడుదలయ్యారు. వాళ్ళకోసం ఏడ్చి ప్రార్థించడం న్యాయం. ఎన్నటికీ రాని 'రేపటి' కోసం ఏడిపించడం వేరే సంగతి.

"అబద్ధమైతే మాత్రం ఏం పోయింది అయ్యగారూ, ప్రార్థనే కదా చేశాం" అన్నారు ఒక పెద్దాయన. పోయేది ఉంది. అలాంటి మెసేజ్ చదివి మోకరించినవాడు, ముక్కూ మొహం తెలియని జనంమీద కోపం నింపుకుని లేస్తాడు. 2018 గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన రెండు రాష్ట్రాల్లోనూ ఫోన్లు మోగాయి. ఆ జూలైలో, మన పక్కనే ఉన్న బీదర్ జిల్లాలో, బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ నుండి వెళ్ళిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును జనం కొట్టి చంపేశారు. ఆ మెసేజ్‌లు పంపినవాళ్ళలో చాలామంది ఊరి పిల్లల మేలు కోరే పంపి ఉంటారు.

మన పిల్లలకు అడగడం అలవాటు లేదంటే ఆశ్చర్యం లేదు. ఇంటర్ రెండేళ్ళూ బిట్లతోనే గడుస్తాయి. మనం ఇంకా ఎంసెట్ అనే పిలిచే ఆ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఐదో జవాబు ఎందుకు ఉండకూడదని ఆలోచిస్తూ కూర్చుంటే ర్యాంకు పోతుంది. అదే పిల్ల యూనివర్సిటీకి వెళ్తే, ఒకే సంగతిమీద రెండు పుస్తకాలు రెండు మాటలు చెప్తాయి. గైడు కొని రెండూ బట్టీ పట్టేవాళ్ళున్నారు. ఎవరి మాట దేనిమీద నిలబడిందో వెదకడం నేర్చుకునేవాళ్ళు కొందరే.

ఆ వెదకడం ఎలా ఉంటుందో చెప్పడానికి సికింద్రాబాద్‌లో జరిగినదే ఒకటుంది. మలేరియా అనే మాటకే చెడ్డ గాలి అని అర్థం. జ్వరం గాలి వల్లనే వస్తుందని తరతరాలుగా నమ్మారు. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడికి మాత్రం దోమమీద అనుమానం. దోమలు చచ్చి పడిన నీళ్ళు తాగితే జ్వరం వస్తుందేమోనని ఆయనకు గురువులాంటి ప్యాట్రిక్ మాన్సన్ ఊహ. 1895లో రాస్ అలాంటి నీళ్ళు ఒక మనిషికి తాగించి చూశాడు. (ఇప్పుడైతే అలా చేయనివ్వరు, చేయకూడదు కూడా.) ఆ మనిషికి జ్వరం వచ్చింది! గురువు మాటా నెగ్గింది, తన ఆశా తీరింది. ఎవరైనా అక్కడితో ఆగి పేపర్లో వేయించుకుంటారు. రాస్ ఆగలేదు. మరికొందరికి తాగించి చూస్తే చాలామందికి ఏమీ కాలేదు. ఆ ఊహమీద నమ్మకం సడలింది. ఇంకా దోమలు కోస్తూ పోయి, 1897 ఆగస్టు 20న మరో రకం దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాకు ఆ బహుమతికంటే ఆ మొదటి జ్వరం ముఖ్యంగా కనబడుతుంది. కాలేజీ బిడ్డలారా, ఇది మీతో అంటున్న మాట. నచ్చనిదాన్ని అనుమానించడానికి చదువు అక్కరలేదు. ఇంట్లో నాన్న మాటకు ఆధారం అడిగే అబ్బాయి, తాను రోజూ చూసే యూట్యూబ్ ఛానల్‌ను ఎందుకు అడగడు? తన పార్టీకో తన హీరోకో అనుకూలమైన మాట రాగానే ఎందుకు స్టేటస్ పెట్టేస్తాడు? సగంమందిని మాత్రమే అడిగే ప్రశ్నను నేను ఆలోచన అనను. వాదనలో అమ్మ నోరు మూయించడం కూడా ఆలోచన కాదు.

తల్లిదండ్రులారా, మీరు భయపడుతున్నది నాకు తెలుసు. ఈ రోజు వాట్సాప్‌ను అడిగింది, రేపు వాక్యాన్ని అడుగుతుందని. అడగనివ్వండి. పౌలంతటివాడు బోధించినా బెరయవాళ్ళు ఆసక్తిగా విని, ఏ రోజుకారోజు లేఖనాలు తెరిచి సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్ళను మెచ్చుకుంది. పౌలు నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. పౌలు బోధకే ఆ పరీక్ష ఉంటే నా ప్రసంగం ఎంత?

అందుకని వచ్చే ఆదివారం నుండి ఆరాధన అయ్యాక అరగంట కాలేజీ పిల్లలకు ఇస్తున్నాం. ఆ వారం ప్రసంగంమీద, గ్రూపులో వచ్చిన మెసేజ్‌లమీద ఏదైనా అడగవచ్చు. నాకు తెలియనిది తెలియదని చెప్పి, చదివి మరుసటి వారం చెప్తాను. తారీఖు అడిగిన ఆ అమ్మాయినే మొదట మాట్లాడమన్నాను. పెద్దలు కూడా వచ్చి వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు. మధ్యలో ఆపవద్దని మాత్రం మనవి.