పేడకు విలువ ఉంది, పొయ్యి దగ్గరి కష్టానికి లేదు

గోరంట్ల: పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. ఈ ప్రాంతం ఉత్పత్తి పెరిగిందని అందరూ అంటున్నారు. నిజమే. స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ, సరుకు ఎక్కడ తయారైందో చూస్తుంది గాని యజమాని ఏ దేశస్థుడో చూడదు. కొరియా కంపెనీ లాభమూ మన లెక్కలోకే వస్తుంది. రాష్ట్రాల లెక్కా అంతే. ఇక్కడి నుంచి బెంగళూరు పోయి మట్టి మోసే కూలీ కష్టం కర్ణాటక ఖాతాలో పడుతుంది.

మరి గోరంట్ల పల్లెల్లో మల్బరీ పెట్టిన ఇంటి మాటేమిటి? పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టులో అమ్మితే, పెట్టిన ఖర్చులు పోను మిగిలిన విలువ లెక్కకెక్కుతుంది. అమ్మకుండా తిండికి ఉంచుకున్న రాగులకూ ధర కట్టి కలుపుతారు. ఆఖరికి పశువుల పేడకు కూడా విలువ కట్టే పద్ధతి మన దేశంలో ఉంది. ఇల్లాలు సంగటి కెలికితే మాత్రం సున్నా. అదే సంగటి హోటల్లో అమ్మితే ఉత్పత్తి!

ఇది ప్రపంచ దేశాలు ఒప్పుకున్న పద్ధతే. ఇంటిపనికి ధర కట్టడం కష్టమన్న మాటలో కొంత నిజమూ ఉంది. అలాగని ఆ పని చిన్నదేమీ కాదు. 2024లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవారు రోజుకు 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు.

ఇంతకన్నా అన్యాయం మరొకటి ఉంది. నాలుగో జ్వరం లేచిన పట్టుపురుగుకు రాత్రీ పగలూ ఆకు కావాలి. ఆకు కోయడం, మేత వేయడం, చెత్త తీయడం, పండిన పురుగును ఏరి చంద్రికల మీద వేయడం, వీటిలో ఆడవాళ్ల చెయ్యి లేనిదేది? ఆ కష్టం గూటి ధరలో కలిసే ఉంది. రైతు ఎవరంటే మాత్రం పాసుపుస్తకంలో పేరున్న ఇంటాయనే. ఆమె కూడా 'నాకేం పనుందప్పా, ఇంట్లోనే ఉంటా' అంటుంది.

2011 జనాభా లెక్కల నిబంధన అలా లేదు. సొంత చేలో కూలి లేకుండా చేసినా, ఇంటి పాల కోసమే పాడి చూసినా పనిగానే రాయాలన్నారు. వంట, పిల్లల పోషణ తప్ప మరేమీ చేయనివారినే 'పని చేయనివారు'గా పెట్టారు. 2027 జనగణనలో లెక్క రాసేవారు ఇంటాయన ఒక్కడినే అడిగి వెళ్లిపోతే, ఆకు కోసిన మనిషి మళ్లీ ఆ జాబితాలోనే చేరుతుంది. అధికారులు ఈ సంగతి వారికి ముందే విప్పి చెప్పాలి. ఆడవాళ్లను పిలిచి అడిగించాలి. మగవాళ్లు కూడా అరుగు మీద కూర్చునే 'ఆమెకేం పని లేదు' అని పంపేయకూడదు.