అయ్యవారి కుర్చీ



"అయ్యవారు రోజంతా కుర్చీ దిగరు" అన్న ఫిర్యాదు మీరు వినే ఉంటారు. బహుశా మీరే చేసి ఉంటారు. అందులో కొంత నిజం ఉన్నది, కొంత అన్యాయమూ ఉన్నది.

కోలారు వైపు ఒక తెలుగు బడిని తలచుకోండి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు. ఒకరికి పాఠం, ఇంకొకరికి రాతపని. మధ్యలో హాజరుపట్టీ, భోజనం లెక్కలు, కన్నడంలో వచ్చిన సర్క్యులర్లకు జవాబులు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠాల తయారీతో కలిపి వారానికి 45 పని గంటలు. వీటిలో కుర్చీలో గడిచేవి ఎన్నో ఒక వారంపాటు రాసి చూసుకోండి. సోమరితనం వలన కూర్చున్నవి తక్కువ, కాగితాల కోసం కూర్చున్నవే ఎక్కువ అని తేలుతుందని నా నమ్మకం.

1953లో మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించాడు. కూర్చొని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆరోగ్యం మాట అది. నా దిగులు అక్షరాల గురించి కూడా.

మన పిల్లలు ఇంట తెలుగు పలుకుతారు, వీధిలో కన్నడ బోర్డులు చదువుతారు. అందుచేత తెలుగు 'క'కు కన్నడ తలకట్టు పెడతారు. కుర్చీలో కూర్చొని సాయంత్రం నోటుపుస్తకం దిద్దితే, అయిపోయిన తప్పు మీద ఎర్రసిరా పడుతుంది, అంతే. పిల్లవాడు దానిని చూడనైనా చూడడు. వరుసల మధ్య తిరుగుతూ, చేయి కదులుతుండగానే "కొస పైకి లాగు నాయనా" అంటే అక్కడికక్కడే దిద్దుకుంటాడు. నడక వలన పని పెరగదు, దిద్దుబాటు భారం తగ్గుతుంది.

అలాగని కుర్చీ తీసివేయమనడం లేదు. (కొందరు అధికారులకు ఆ సరదా ఉన్నది!) రోజంతా నిలబడినా కాళ్లు వాస్తాయి, పిక్కల నరాలు ఉబ్బుతాయి. మోకాళ్ల నొప్పులున్న పంతులమ్మను కూర్చున్నందుకు తప్పుపట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్పింది, కూర్చునే కాలం తగ్గించమన్నది. బడికి నడిచి రావడం, రాతపని వేళ గది చుట్టి రావడం అందులోకి వస్తాయి.

తల్లిదండ్రులారా, వచ్చే ఎస్.డి.ఎం.సి. సమావేశంలో అయ్యవారు ఎందుకు కూర్చున్నారని కాక, ఏయే పట్టీలు రాయడానికి కూర్చున్నారో అడగండి. వాటిలో పాఠాల వేళ రాయనక్కర లేనివి ఏవో ఆయన్నే చెప్పనివ్వండి.